వెన్న తింటే 168, ఆలివ్ నూనె తింటే 214: తిన్న తర్వాత ట్రైగ్లిజరైడ్ల లెక్క ఏంటి?

సందేహాలరావు
వెన్న గుండెకు చేటు, నూనెలు నయం అని ఇన్నేళ్లూ వింటూనే ఉన్నా. మా నాన్నకి ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే కొవ్వు) ఎక్కువని వేలు గుచ్చి చూసుకునే మీటర్ ఒకటి కొన్నాం. అది చేతిలో ఉంది కదా అని నా మీదే ప్రయోగం పెట్టుకున్నా. ఒక ఆదివారం పొద్దున బ్రెడ్డు మీద 40 గ్రాముల వెన్న దట్టంగా పట్టించి తిన్నా. మూడు గంటలాగి చూస్తే 168 (డెసిలీటరు రక్తంలో ఇన్ని మిల్లీగ్రాములని). మరుసటి ఆదివారం అదే బ్రెడ్డు, వెన్న బదులు 40 గ్రాముల ఆలివ్ నూనె. మూడు గంటలకి 214! పరగడుపున రెండు రోజులూ 120కి అటూ ఇటూ. అంటే తిన్నాక రక్తంలో కొవ్వు ఎక్కువ పెంచింది "మంచి" నూనే. భోజనం తర్వాత పెరిగే ట్రైగ్లిజరైడ్లు గుండెకు ప్రమాదం అంటారు ఒకపక్క, ఆలివ్ నూనె వాడండి అంటారు ఇంకోపక్క. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? తెలిసినవాళ్లు చెప్పండి. "డాక్టర్ని అడగండి" అని మాత్రం అనకండి, అడిగా, ఆయన నవ్వి ఊరుకున్నారు.

వెన్నపూస
నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నది ఇదే. వెన్నని ఊరికే విలన్ని చేశారు. మీటర్ అబద్ధం చెప్పదు.

తూకంరాళ్లు
@వెన్నపూస మీటర్ సంగతి తర్వాత, ముందు తక్కెడ సంగతి చూడండి. వెన్నలో కొవ్వు 80 శాతం చిల్లర, మిగతాది చాలావరకు నీళ్లే. 40 గ్రాముల వెన్నలో కొవ్వు 32 గ్రాములు, 40 గ్రాముల నూనెలో 40కి 40. రావు గారు రెండో ఆదివారం పావు వంతు కొవ్వు ఎక్కువ తిన్నారు. పోటీ మొదలవకముందే ఒకరికి ముందు గీత గీశారు.

సందేహాలరావు
8 గ్రాముల తేడాకే 46 పాయింట్లా? నమ్మబుద్ధి కావట్లేదు.

ల్యాబ్‌గది
8 గ్రాములకే అని ఎవరూ అనరు. ఇంకా చాలా ఉన్నాయి. వేలు గుచ్చే ముందు చేతులు సబ్బుతో కడిగి బాగా తుడిచారా? హ్యాండ్ క్రీమ్ రాసుకున్నారా? ట్రైగ్లిజరైడ్ పరీక్ష లోపల జరిగేది ఏంటంటే, కొవ్వుని విడగొట్టి అందులోంచి వచ్చిన గ్లిజరాల్‌ని కొలుస్తారు. క్రీముల్లో, కొన్ని సబ్బుల్లో గ్లిజరాల్ ఉంటుంది. అది వేలి మీద మిగిలితే మీటర్‌కి ఆ తేడా తెలీదు, కలిపి లెక్కేస్తుంది. పైగా అదే మనిషికి, అదే భోజనానికి, రెండు వేర్వేరు రోజుల్లో వచ్చే అంకెలే ఒకటిగా ఉండవు. ముందురోజు రాత్రి ఏం తిన్నారు, ఎంత నడిచారు, మందు తాగారా, అన్నీ దాని మీద పడతాయి.

మొండిఘటం
"మీటర్ అబద్ధం చెప్పదు" కానీ హ్యాండ్ క్రీమ్ చెప్తుందన్నమాట 😄

కణజాలం
బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పుకునేవాణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

తిన్న కొవ్వు పేగు గోడలో మళ్లీ ట్రైగ్లిజరైడ్‌గా తయారై కైలోమైక్రాన్లు అనే పెద్ద కణాల్లోకి చేరుతుంది. ఇవి పిండిపదార్థంలాగా నేరుగా లివర్‌కి పోవు. లింఫు నాళాల్లో ప్రయాణించి మెడ దగ్గర పెద్ద సిరలో కలుస్తాయి. అక్కడి నుంచి ఒళ్లంతా తిరుగుతాయి. కండరాల్లో, కొవ్వు కణజాలంలో సన్నటి రక్తనాళాల గోడలకి అంటుకుని లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము ఉంటుంది, అది ఈ కణాల్లోని కొవ్వుని కొంచెం కొంచెంగా కోసి లోపలికి పంపిస్తుంది. అందుకే కొవ్వు తిన్న వెంటనే అంకె పెరగదు, మూడు నాలుగు గంటలకి పైకి వెళ్లి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఆరు నుంచి ఎనిమిది గంటల్లో దిగుతుంది. షుగరు, పొట్ట చుట్టూ కొవ్వు ఉన్నవాళ్లలో ఎక్కువ ఎక్కుతుంది, ఆలస్యంగా దిగుతుంది. ఎందుకంటే వాళ్ల లివర్ తన సొంత సరుకు (వీఎల్‌డీఎల్) కూడా బాగా వదులుతూ ఉంటుంది, రెండింటికీ దిక్కు ఆ ఒక్క ఎంజైమే.

ఇక అసలు సంగతి. కొవ్వు చాలావరకు దిగిపోయాక మిగిలే చిన్న కణాన్ని రెమ్నెంట్ అంటారు. కొత్త కైలోమైక్రాన్ ధమని గోడలోకి దూరలేనంత పెద్దది. రెమ్నెంట్ దూరగలదు. దాంట్లో కొలెస్ట్రాల్ కూడా దండిగా ఉంటుంది, దూరింది మళ్లీ బయటికి రావడం కష్టం. ధమని గోడలో పూడిక కట్టడం తిన్న తర్వాతి గంటల్లో జరిగే పని అని డొనాల్డ్ జిల్వర్‌స్మిట్ 1979లోనే రాశారు. మెలకువగా ఉన్నంతసేపూ మనం దాదాపు "తిన్న తర్వాత" స్థితిలోనే ఉంటాం, పరగడుపు అనేది తెల్లవారుజామున కాసేపు.

కాబట్టి రావు గారూ, మూడు గంటల దగ్గర ఎంత ఎక్కింది అన్నది ఒక్కటే చూస్తే సగమే చూసినట్టు. ఎంతసేపు ఉంది, రెమ్నెంట్లని లివర్ ఎంత త్వరగా లాక్కుంది అన్నది మిగతా సగం. అది వేలు గుచ్చే మీటర్లో కనపడదు.

పరగడుపు
మరి ల్యాబుల్లో 12 గంటలు ఏమీ తినకుండా రమ్మంటారెందుకు? అసలు ప్రమాదం తిన్నాకే అయితే తినేసి రమ్మనాలి కదా.

ల్యాబ్‌గది
ఇప్పుడు చాలాచోట్ల అలాగే రమ్మంటున్నారు. 2016లో యూరప్ గుండె కొవ్వుల నిపుణులు, ల్యాబ్ నిపుణులు కలిసి మామూలు లిపిడ్ పరీక్షకి పరగడుపు అక్కర్లేదన్నారు. రోజూ తినే భోజనం తర్వాత సగటున ట్రైగ్లిజరైడ్లు పెరిగేది 26 పాయింట్లే అని వాళ్ల లెక్క. పరగడుపున 150 దాటితే ఎక్కువ అంటాం, తిని ఇస్తే 175 దాటితే ఎక్కువ. తిని ఇచ్చినప్పుడు 440 దాటితే మాత్రం పరగడుపున మళ్లీ చేయించుకోమంటారు.

నాకు ఈ విషయం కాగితం మీద కన్నా ట్యూబులో చూసినప్పుడే ఎక్కువ ఎక్కింది. బాగా కొవ్వు తిని వచ్చినవాళ్ల రక్తం సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక పైన తేలే సీరం మామూలుగా లేత పసుపు రంగులో తేటగా ఉండాలి, దాని వెనక అక్షరాలు పెడితే చదవగలగాలి. వీళ్లది పాలు కలిపినట్టు ఉంటుంది, వెనక ఏమీ కనపడదు. అదే ట్యూబుని రాత్రంతా ఫ్రిజ్‌లో నిలబెట్టి పొద్దున చూస్తే పైన మీగడలాగా తెల్లటి పొర తేలి కింద సీరం విడిగా కనిపిస్తుంది. ఆ పైపొర కైలోమైక్రాన్లు. పొర తేలకుండా మొత్తం మసకగానే ఉండిపోతే అది లివర్ వదిలిన వీఎల్‌డీఎల్. మెషీన్ లేని రోజుల్లో ఇలాగే కనిపెట్టేవాళ్లు.

రాత్రిడ్యూటీ
అన్నం తినేటప్పుడు చదివా ఈ పోస్టు. చాలా థాంక్స్ అండి 🙏

మొండిఘటం
నాదో డౌటు. పోయిన ఏడాది పరగడుపున ఇస్తే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అంటారే, అది) 130. ఈసారి ఆఫీసు హెల్త్ చెకప్‌లో ఫుల్లుగా టిఫిన్ చేసి ఇచ్చా, ఎల్‌డీఎల్ 110. టోటల్ కొలెస్ట్రాల్ అదే 200, హెచ్‌డీఎల్ (మంచిది అంటారే, అది) అదే 40. టిఫిన్‌తో కొలెస్ట్రాల్ తగ్గిందని ఇంట్లో చెప్పా, ఎవరూ నమ్మలేదు.

తూకంరాళ్లు
@మొండిఘటం ట్రైగ్లిజరైడ్లు మొదట 150, ఇప్పుడు 250 అయ్యుండాలి, చూసుకోండి.

మొండిఘటం
152, 249!! జాతకం కూడా చెప్తారా?

తూకంరాళ్లు
జాతకం కాదు, కూడికలు తీసివేతలు. చాలా రిపోర్టుల్లో ఎల్‌డీఎల్‌ని కొలవరు, లెక్క కడతారు. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతు తీసేస్తారు. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం. 200 - 40 - 30 = 130. 200 - 40 - 50 = 110. తిన్నాక ట్రైగ్లిజరైడ్లు పెరిగాయి కాబట్టి కాగితం మీద ఎల్‌డీఎల్ తగ్గింది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం పనికే రాదు.

ల్యాబ్‌గది
అందుకే టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి మిగిలింది చూసుకోండి, నాన్ హెచ్‌డీఎల్ అంటారు. మొండిఘటం గారికి రెండుసార్లూ 160. తిన్నా తినకపోయినా అది పెద్దగా కదలదు, రెమ్నెంట్లు కూడా అందులోనే ఉంటాయి.

మొండిఘటం
అంటే ఏమీ తగ్గలేదు. సరే, ఇంట్లో ఈ లింకు పంపను.

గింజలబస్తా
ఆలివ్ నూనె విషయంలో రావు గారి మీటర్‌ని అంత తేలిగ్గా కొట్టిపారేయక్కర్లేదు. బాల్టిమోర్‌లో రాబర్ట్ వోగెల్ బృందం 1997లో ఒక పని చేసింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి 50 గ్రాముల కొవ్వున్న ఫాస్ట్‌ఫుడ్ టిఫిన్ పెట్టి, చేతి ధమని ఎంత సాగుతోందో అల్ట్రాసౌండ్‌లో చూశారు. కొన్ని గంటలపాటు ధమని సాగే గుణం బాగా పడిపోయింది. అదే బృందం 2000లో వేర్వేరు నూనెలతో మళ్లీ చేస్తే ఆలివ్ నూనె, బ్రెడ్డు తిన్నాక కూడా 31 శాతం పడిపోయింది. కనోలా నూనె, సాల్మన్ చేప తిన్నప్పుడు అలా పడలేదు. 2006లో స్పెయిన్‌లో కొవ్వు భోజనానికి ఒకసారి ఆలివ్ నూనె, ఒకసారి వాల్‌నట్లు జోడించి చూస్తే వాల్‌నట్లే నయం అనిపించాయి. నా పేరు చూసి పక్షపాతం అనుకోకండి.

వెన్నపూస
చూశారా! ఆలివ్ నూనె అంతా మార్కెటింగే.

కణజాలం
@వెన్నపూస మీరు ఏ పోస్టులోనైనా మీకు కావలసిన ముక్కే చదువుతారు. ఆ అధ్యయనాలు నిజమే. కానీ పది పదిహేను మందితో, ఒక పూట భోజనంతో, కొన్ని గంటల కొలత. గుండెపోట్లు వచ్చాయా రాలేదా అన్నది అక్కడ ఎవరూ చూడలేదు, చూసే వీలూ లేదు. అది చూసింది స్పెయిన్‌లోనే జరిగిన ప్రెడిమెడ్ అనే పెద్ద అధ్యయనం. ముప్పు ఎక్కువున్న 7 వేల పైచిలుకు మందిలో కొందరికి ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె, కొందరికి గింజలు జోడించిన ఆహారం, కొందరికి కొవ్వు తగ్గించుకోమన్న సలహా. మొదటి రెండు గుంపుల్లోనూ గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి దాదాపు 30 శాతం తక్కువ. 2013లో వచ్చిన ఆ పేపర్‌ని, మనుషుల్ని గుంపులుగా విడగొట్టిన పద్ధతిలో లోపాలు బయటపడి వెనక్కి తీసుకుని 2018లో సరిచేసి మళ్లీ వేశారు. ఫలితం మాత్రం అటూ ఇటూ అదే.

మూడు గంటల అంకె ఒక కథ చెప్తుంది, పదేళ్ల ఆహారం ఇంకో కథ చెప్తుంది. గొడవ వస్తే నేను రెండోదాన్నే నమ్ముతా.

వెన్నపూస
మరి మూడు గంటల్లో వెన్న తక్కువ పెంచుతుందా లేదా? సూటిగా చెప్పండి, చుట్టూ తిప్పకండి.

కణజాలం
సూటిగానే చెప్తా. ఒకే పూటలో కొవ్వు బరువు సరిసమానంగా పెట్టి పోల్చినప్పుడు వెన్న, ఆలివ్ నూనె, మిగతా నూనెల మధ్య ట్రైగ్లిజరైడ్ల పెరుగుదలలో తేడా ఒక్కో అధ్యయనంలో ఒక్కోలా వచ్చింది. కొన్నిట్లో వెన్నకే తక్కువ వచ్చింది, అవును. వెన్నలో కొంత పొట్టి గొలుసు కొవ్వు ఉంటుంది, అది కైలోమైక్రాన్లలోకి ఎక్కకుండా నేరుగా లివర్‌కి పోతుంది. గట్టి కొవ్వు కాస్త నిదానంగా అరుగుతుంది కూడా. ఆ పూటకి రకం కంటే మోతాదే పెద్ద విషయం. 15 గ్రాముల లోపు కొవ్వు తింటే అంకె పెద్దగా కదలదు, 30 నుంచి 50 మధ్య ఎంత పెడితే అంత ఎక్కుతుంది.

రకం దెబ్బ కొట్టేది నెలల తరబడి. వెన్నలో ఉండేలాంటి సంతృప్త కొవ్వు ఎక్కువైతే లివర్ మీద ఎల్‌డీఎల్‌ని పట్టుకునే రిసెప్టర్లు తగ్గుతాయి, రక్తంలో ఎల్‌డీఎల్ పెరుగుతుంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. రెమ్నెంట్లని లివర్ లాక్కోడానికి వాడే దారుల్లో ఆ రిసెప్టర్ ఒకటి. అంటే ఇవాళ వెన్న మూడు గంటల దగ్గర అమాయకంగా కనపడినా, నెలల తరబడి అదే తింటే తిన్న తర్వాత మిగిలే చెత్తని ఊడ్చే చీపురు అరిగిపోతుంది.

పరగడుపు
చీపురు లెక్క బాగుంది. ఇప్పుడు అర్థమైంది.

వెన్నపూస
నాకు అర్థమైంది కానీ ఒప్పుకోను. చీజ్ తినేవాళ్లలో అంత చెడు కనపడలేదని కూడా అంటారు కదా, అది కూడా పాల కొవ్వే.

గింజలబస్తా
అది మాత్రం నిజం, ఈ ఒక్కదాంట్లో వెన్నపూస గారి పక్షం. అంతే కొవ్వుని చీజ్‌గా తింటే వెన్నగా తిన్నప్పటికన్నా ఎల్‌డీఎల్ తక్కువ ఉంటోంది. కొవ్వు ఏ ఆహారంలో ఇమిడి ఉందన్నది కూడా లెక్కే. బాదం చూడండి, కొవ్వు కణాల గోడల మధ్య బంధించి ఉంటుంది, నమిలినా అన్ని గోడలూ పగలవు. అందుకే కొంత కొవ్వు అరక్కుండానే బయటికి పోతుంది. అదే బాదాన్ని నూనె తీసి తాగితే ఆ సౌకర్యం లేదు.

కొబ్బరిపీచు
ఎవరూ కొబ్బరినూనె గురించి మాట్లాడరేంటి? అది మధ్యస్థ గొలుసు కొవ్వు. కణజాలం గారు ఇందాక చెప్పినట్టే నేరుగా లివర్‌కి పోయి ఖర్చయిపోతుంది. కైలోమైక్రాన్లే తయారవ్వవు. తిన్న తర్వాత సమస్యే లేదు.

కణజాలం
నేను వెన్నలో కొంత భాగం గురించి చెప్పింది కొబ్బరినూనె మొత్తానికి అంటించారు. కొబ్బరినూనెలో సగం దాకా లారిక్ ఆమ్లం. పేరుకి మధ్యస్థమే గానీ అరుగుదలలో పొడుగు గొలుసు కొవ్వులాగే చాలావరకు కైలోమైక్రాన్లు ఎక్కుతుంది. నేరుగా లివర్‌కి పోయే నిజమైన పొట్టి రకాలు అందులో తక్కువే. దుకాణాల్లో ఎంసీటీ ఆయిల్ (మధ్యస్థ గొలుసు కొవ్వు నూనె) అని అమ్మేది వేరే సరుకు, దాని మీద చేసిన అధ్యయనాలు చూపించి కొబ్బరినూనె అమ్ముతుంటారు. 2020లో అధ్యయనాలన్నీ కలిపి చూస్తే మామూలు వంటనూనెలతో పోలిస్తే కొబ్బరినూనె ఎల్‌డీఎల్‌ని సుమారు 10 పాయింట్లు పెంచింది. హెచ్‌డీఎల్‌ని కూడా కొంచెం పెంచింది, అది నిజమే.

తిన్న తర్వాత సంగతి కూడా ఉంది. 2006లో ఆస్ట్రేలియాలో 14 మందికి ఒకసారి కొబ్బరినూనెతో, ఒకసారి కుసుమ నూనెతో చేసిన కేకు, మిల్క్‌షేక్ ఇచ్చారు. కొబ్బరినూనె పూట వాళ్ల హెచ్‌డీఎల్ వాపుని ఆపే శక్తి తగ్గింది, కుసుమ నూనె పూట పెరిగింది. ట్రైగ్లిజరైడ్ అంకెలో కనపడని తేడా ఇది.

కొబ్బరిపీచు
14 మందేగా. ఇందాక ఆలివ్ నూనెకి "పది పదిహేను మంది" అని కొట్టేశారు, ఇప్పుడు 14 మంది పనికొచ్చారా?

తూకంరాళ్లు
పాయింటే 😀

కణజాలం
పాయింటే, తీసుకున్నా. అందుకే కొబ్బరినూనె మీద నా అభిప్రాయం ఆ 14 మంది మీద కాదు, ఎల్‌డీఎల్ మీద నిలబడింది.

నడకమాస్టారు
ఇంత చర్చలో ఎవరూ కాళ్ల మాటెత్తలేదు. నూనె మార్చడం కన్నా తిన్న తర్వాతి ట్రైగ్లిజరైడ్లని ఎక్కువ కదిలించేది ముందురోజు సాయంత్రం చేసిన వ్యాయామం. గంటసేపు చురుగ్గా నడిస్తే మర్నాటి పొద్దున భోజనం తర్వాత పెరుగుదల తగ్గుతుందని ఎన్నోసార్లు తేలింది. కండరాల్లో ఆ లైపేజ్ ఎంజైము పెరుగుతుంది, లివర్ వదిలే సరుకూ తగ్గుతుంది. రెండు షరతులు. ఒకటి, ఖర్చుపెట్టిన కేలరీలు వెంటనే తినేస్తే ఫలితం చాలావరకు పోతుంది. రెండు, రెండు మూడు రోజులు మానేస్తే ఎక్కడున్నామో అక్కడికే వస్తాం. నాకు పరగడుపు ట్రైగ్లిజరైడ్లు 240 ఉండేవి. వంటనూనె మార్చినప్పుడు అంకె కదల్లేదు, రోజూ నడక మొదలుపెట్టి రాత్రి స్వీట్లు మానేశాక 150 లోపుకి వచ్చాయి.

మొండిఘటం
నడకతోనా, స్వీట్లు మానేస్తేనా? రెండూ ఒకేసారి చేసి క్రెడిట్ అంతా నడకకే ఇస్తే ఎలా మాస్టారూ.

నడకమాస్టారు
ఏది పనిచేసిందో తేల్చడానికి రెంట్లో ఒకటి ఆపి చూడమంటారా? ఆపను.

తూకంరాళ్లు
స్వీట్ల వాటా తక్కువేం కాదు లెండి. చక్కెరలో ఫ్రక్టోజ్ లివర్లో కొవ్వు తయారీని పెంచుతుంది. కొవ్వు భోజనంతోపాటు తియ్యటి డ్రింకో మద్యమో పుచ్చుకుంటే అంకె ఇంకా పైకి పోయి ఇంకా ఆలస్యంగా దిగుతుంది.

రాత్రిడ్యూటీ
నాది ఇంకో గోల. రాత్రి షిఫ్టు, పెద్ద భోజనం అర్ధరాత్రి ఒంటిగంటకి. పగలు తినే అదే భోజనం రాత్రి తింటే ఎక్కువ ప్రమాదమా? మా డిపార్ట్‌మెంట్లో సగం మందికి ట్రైగ్లిజరైడ్లు ఎక్కువే.

కణజాలం
రాత్రి తిన్నప్పుడు ఎక్కువ పెరుగుతాయి, అదే భోజనానికి. షిఫ్టు పనివాళ్ల మీద చేసిన ప్రయోగాల్లో ఇది కనపడింది. ఒళ్లు నిద్రకి సిద్ధపడిన వేళ ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఇంకో తమాషా, రాత్రి తిన్న కొవ్వు మొత్తం రాత్రే రక్తంలోకి రాదు. కొంత పేగు కణాల్లోనే చుక్కలుగా ఆగి, మర్నాడు పొద్దున మీరు మొదటి ముద్ద తినగానే బయటికి వస్తుంది. రావు గారి రెండు ఆదివారాలకి ముందు వచ్చిన రెండు శనివారం రాత్రులు కూడా ఆ 168, 214ల్లో ఉన్నాయన్నమాట.

వీలైతే షిఫ్టుకి ముందే పెద్ద భోజనం కానిచ్చి, మధ్యలో కొవ్వు తక్కువది ఏదైనా తినండి.

సందేహాలరావు
రెండో శనివారం కజిన్ పెళ్లి రిసెప్షన్. ఇంకేం చెప్పమంటారు.

వెన్నపూస
ఇంకేం, కేసు కొట్టేశారు 😂 అయినా వెన్న అప్పీలుకి వెళ్తుంది.

నిదానం
కొత్తగా చేరాను, రాయాలా వద్దా అనుకుంటూ రాస్తున్నా. మీరంతా అంకెల దగ్గర ఉన్నారు, నాది అంకె లేని కేసు. కొన్ని నెలలపాటు బాగా నూనె వేసిన భోజనం చేసి లేచి నడిస్తే ఛాతీ మధ్యలో బరువుగా, ఎడమ దవడ దాకా లాగుతున్నట్టు ఉండేది. కూర్చుంటే పోయేది. ఖాళీ కడుపుతో అంతే దూరం నడిస్తే వచ్చేది కాదు, అందుకే గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతూ పోయా. దగ్గర్లో క్లినిక్‌లో కూడా ఎసిడిటీకే రాసిచ్చారు. చివరికి మా ఆవిడ పోరు పడలేక పరీక్షలు చేయిస్తే పెద్ద ధమనిలో పూడిక, స్టెంట్ వేశారు. తిన్నాక అరుగుదల కోసం పొట్ట వైపు రక్తం ఎక్కువ పోవాలి, గుండె ఇంకాస్త కష్టపడాలి, ఇరుకైన దారి ఉన్నవాడికి అప్పుడే బయటపడుతుందని గుండె డాక్టరు చెప్పారు. నూనె ఏదన్న సంగతి నాకు తెలీదు. తిన్నాక నడిస్తే వచ్చే ఛాతీ బరువుని మాత్రం ఎవరూ గ్యాస్ అని సర్దిచెప్పుకోకండి.

రాత్రిడ్యూటీ
దవడ దాకా లాగడం అంటే గ్యాస్ కాదు. మంచి పని చేశారు రాసి.

నడకమాస్టారు
@నిదానం ఇప్పుడు నడుస్తున్నారా?

నిదానం
డాక్టరు చెప్పినంత వరకు. తిన్న వెంటనే కాకుండా, సమతలం మీద.

బిళ్లల_డబ్బా
ఫార్మసీలో పనిచేస్తా. ఇక్కడిదాకా చదివినవాళ్లు నన్ను అడగబోయేది నాకు తెలుసు, చేప నూనె బిళ్లలు వేసుకోవచ్చా అని. ట్రైగ్లిజరైడ్లు తగ్గించే మాట నిజం, ఈపీఏ, డీహెచ్ఏ (చేప నూనెలోని ఒమేగా 3 కొవ్వులు) కలిపి రోజుకి 2 నుంచి 4 గ్రాములు కొన్ని వారాలు వేసుకుంటే పరగడుపు అంకె, తిన్న తర్వాతి అంకె రెండూ తగ్గుతాయి. మామూలు బిళ్లలో ఈ రెండూ కలిపి 300 మిల్లీగ్రాములే ఉంటాయి, డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న 1000 అనేది నూనె బరువు. లెక్క వేసుకోండి.

గుండెపోట్లు తగ్గుతాయా అంటే గొడవే. 2018లో రిడ్యూస్ ఇట్ అనే ట్రయల్లో శుద్ధి చేసిన ఈపీఏ రోజుకి 4 గ్రాములు ఇస్తే గుండె సంఘటనలు (గుండెపోటు, పక్షవాతం లాంటివి) 25 శాతం తగ్గాయి. కాకపోతే పోలిక కోసం ఇచ్చిన మినరల్ ఆయిల్ వల్ల అవతలి గుంపు పరిస్థితి కొంత చెడిందేమో అని విమర్శ. 2020లో స్ట్రెంత్ ట్రయల్‌లో ఈపీఏ, డీహెచ్ఏ కలిపి 4 గ్రాములిస్తే లాభం కనపడలేదు. ఎక్కువ మోతాదులో గుండె లయ తప్పే సమస్య కొంచెం పెరుగుతుంది, కాబట్టి సొంతంగా గుప్పెళ్లతో మింగకండి.

పరగడుపు
అంటే ట్రైగ్లిజరైడ్లు తగ్గించినా గుండె బాగుపడదా? మరి ఈ చర్చంతా దేనికి?

కణజాలం
ఎలా తగ్గించారన్నదే ముఖ్యం. 2022లో ప్రామినెంట్ అనే ట్రయల్, షుగరున్న 10 వేల మందికి పైగా. పెమాఫైబ్రేట్ మందు ట్రైగ్లిజరైడ్లని 26 శాతం తగ్గించింది, గుండె సంఘటనలు మాత్రం తగ్గలేదు. చూస్తే అపోబీ తగ్గలేదు, కాస్త పెరిగింది కూడా. ధమనిలోకి దూరగల ప్రతి కణానికీ, అది ఎల్‌డీఎల్ అయినా రెమ్నెంట్ అయినా, ఒక్కో అపోబీ ఉంటుంది. అంటే కణాల్లో కొవ్వు తగ్గింది, కణాల సంఖ్య తగ్గలేదు.

అలాగని తిన్న తర్వాతి అంకె పనికిరానిదని కాదు. 2007లో కోపెన్‌హాగన్‌లో సుమారు 14 వేల మందిని ఏళ్ల తరబడి చూస్తే, తిని ఇచ్చిన రక్తంలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లకి గుండెపోట్లు ఎక్కువ వచ్చాయి. అదే ఏడాది అమెరికాలో 26 వేల పైగా మహిళల్లో, తిన్న రెండు నుంచి నాలుగు గంటల మధ్య తీసిన అంకెకి గుండె జబ్బుతో సంబంధం అన్నిటికన్నా గట్టిగా కనపడింది. ఆ అంకె ఒళ్లు కొవ్వుని ఎలా సర్దుకుంటోందో చెప్తుంది. అంకెని దించడమే పని అనుకుంటే ప్రామినెంట్‌లా అవుతుంది.

కొబ్బరిపీచు
సరే, ట్రాన్స్ కొవ్వు మీద ఎవరికీ పేచీ లేదుగా? కనీసం అక్కడైనా అందరం ఒకటేనా?

వెన్నపూస
ఒకటే. వెన్న బదులు తినమని మన మీద రుద్దిన వనస్పతి, గట్టి మార్జరిన్లలో అప్పట్లో ఉండేది అదే కదా.

కణజాలం
ఈ మాట మాత్రం వెన్నపూస గారు నూటికి నూరుపాళ్లు నిజం చెప్పారు. నూనెకి హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిస్తే వచ్చే ఆ కొవ్వు ఎల్‌డీఎల్‌ని పెంచి హెచ్‌డీఎల్‌ని తగ్గిస్తుందని 1990లో నెదర్లాండ్స్‌లో మెన్సింక్, కటాన్ చూపించారు. ప్యాకెట్ మీద "పాక్షికంగా హైడ్రోజనీకరించిన" అని ఉంటే అక్కడే పెట్టేసి రండి.

సందేహాలరావు
అయితే నేను ఆలివ్ నూనె మీద పెట్టిన కేసు వెనక్కి తీసుకోవాలా? రేపట్నుంచి ఏది వాడమంటారు, ఒక్క ముక్కలో.

గింజలబస్తా
ఒక్క ముక్కలో రాదు. రోజూ వాడేది ద్రవంగా ఉండే నూనె, వెన్న ఎప్పుడైనా రుచికి, వీలైతే కొంత కొవ్వు గింజల రూపంలో. ఒకే పూటలో 40 గ్రాములు మాత్రం ఏ నూనె అయినా ఎక్కువే.

తూకంరాళ్లు
వచ్చేసారి రిపోర్టులో నాన్ హెచ్‌డీఎల్ చూసుకోండి, కుదిరితే అపోబీ రాయించుకోండి. మీటర్ మళ్లీ పట్టుకుంటే మాత్రం కొవ్వు గ్రాములు సమానం చేసి, మూడు గంటలకే కాకుండా ఆరు గంటలకి కూడా చూడండి.

పరగడుపు
నేను చేప తినను, చేప నూనె వాసన కూడా పడదు. అవిసె గింజలు సరిపోతాయా?

బిళ్లల_డబ్బా
అవిసెలో ఉన్నది ఏఎల్ఏ, మొక్కల్లో దొరికే ఒమేగా 3. ఒంట్లో అది ఈపీఏగా మారేది కొద్దిగానే, డీహెచ్ఏగా మారేది ఇంకా తక్కువ. మంచిదే తినండి, కానీ ట్రైగ్లిజరైడ్లు తగ్గించడానికి చేప నూనెకి సాటి రాదు. ఆల్గే నూనె బిళ్లలు దొరుకుతాయి, చేపలకి కూడా ఆ కొవ్వు మొదట వచ్చేది నాచు నుంచే. డబ్బా వెనక ఈపీఏ, డీహెచ్ఏ విడివిడిగా ఎంతున్నాయో చదివి కొనండి.

పరగడుపు
నాచు వాసన రాదుగా?

బిళ్లల_డబ్బా
బిళ్ల కొరకనంత వరకు రాదు.